యంత్రమును కంఠమును

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు మూడు వారములు ముందు, సాయంకాలము ఆటల గంట కొట్టిన పిమ్మట, పదవ తరగతి బాలుడొకడును తొమ్మిదవ తరగతి బాలిక యొకతెయు మాయొద్దకు వచ్చిరి. బాలునిది ప్రొద్దుటూరు. వాని తండ్రి పెండ్లిండ్లకును తిరునాళ్లకును మైకుసెట్టు బాడుగ కిచ్చు వ్యాపారము చేయును. బాలికది పులివెందులకు సమీపమున నొక పల్లె. జమ్మలమడుగులో మేనమామ యింట నుండి చదువుకొనుచున్నది. వారి కోరిక యిది. బాలుడు తన ల్యాప్‌టాపును చిన్న కీబోర్డును వేదికమీద నుంచుకొని వాయించును. వేరుసెనగ కాయలు ఒలుచునపుడు తన జేజి పాడెడి పాట నొకదానిని బాలిక దానితో గూడ పాడును.

కార్యక్రమముల యేర్పాటు ఆ యేడు మా భారముగా నుండెను. మేము వారిని కూర్చుండుమనియైన అనలేదు. డీజే మోతలు బడిలో పనికిరావనియు, ఏదైన దేశభక్తిగీతము నేర్చుకొని రండనియు చెప్పి పంపివేసితిమి. వాకిలి దాటబోవుచు ఆ బాలిక వెనుకకు తిరిగి, "సార్, ఒక్కసారి వినండి సార్. రెండు నిమిషాలే" అనెను. ఆ దినము మేము మార్కుల పట్టికలు పూర్తిచేయవలసి యుండెను. వినలేదు.

ఆనాడు మేము చేసినది సరియైన పనియేనా యని ఇప్పుడు విచారింపదలచితిమి. ఏలయన, ఆ తీర్పు మా యొక్కరిది కాదు. మన పాఠశాలకు పిల్లలను పంపు తలిదండ్రులలో పెక్కురును, మాతోటి యుపాధ్యాయులలో కొందరును అదే తీర్పు నిత్యము చెప్పుచున్నారు. దాని వెనుక కారణము లేకపోలేదు. ప్రొద్దుటూరు దసరా యుత్సవములను చూచినవారికి లారీలమీద పేర్చిన పెట్టెలు రొమ్మును అదరగొట్టుట యెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. పెండ్లి ఊరేగింపు వీధిలోనికి వచ్చినపుడు కిటికీ అద్దములు గజగజలాడుటయు, పసిపిల్లలు ఉలికిపడి ఏడ్చుటయు మే మెరుగుదుము. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు లౌడుస్పీకరులు మ్రోగరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నను, 2005లో సుప్రీముకోర్టు దానిని మరల గట్టిగా చెప్పినను, వీధులలో అది యెంత నెరవేరుచున్నదో అందరకు తెలిసినదే. విద్యుత్సంగీత మనగానే మా మనస్సులో మెదలినది ఈ మోతయే. పరీక్షాపత్రము తెరువకయే మార్కులు వేసిన యుపాధ్యాయుని వలె మేము ప్రవర్తించితిమి.

వేసవి సెలవులలో పులివెందులలో బంధువుల యింట వివాహమునకు పోయితిమి. మా తమ్ముని కుమార్తె బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది; ఆమెయు వచ్చియుండెను. మధ్యాహ్నభోజనము లైన పిమ్మట, ఎండకు ఎవ్వరును వీధిలోనికి పోజాలని వేళ, ఆమె తన ఫోనులో ఏదో మెల్లగా వినుచుండెను. ఏమమ్మా అది యని అడిగితిమి. "మీకు నచ్చదులే పెదనాయనా" అని నవ్వెను. అటు లనుటచేతనే కాబోలు, వినవలె ననిపించినది.

అది బెంగుళూరునందలి సల్క్ స్టేషన్ అను జంట పాట. రాహుల్ గిరి అనువాడు యంత్రములను నడుపును. తన్వీ రావు అను నామె పాడును. వారిద్దరును 2009 ప్రాంతమున కలిసిరట. 2012లో టిల్ యూ అప్పియర్ అను పేర నొక సంపుటమును వెలువరించిరి. మేము ఎదురుచూచిన మోత అందులో లేదు. దూరమున రైలు వంతెన దాటుచున్నట్లు ఒక మంద్రధ్వని. దానిపై నీటిబొట్టు లుండి యుండి పడినట్లు తాళము. ఆ రెంటి నడుమ తొందర యెరుగని యొక స్త్రీకంఠము. ఆమె స్వరమును పట్టి యొకింత నిలిపి క్రిందికి జార్చినపుడు, హిందూస్థానీ సంగీతపు చాయలు గలవని సంగీతజ్ఞులము కాని మాకే తోచినది. పాట ముగిసినది. మరల పెట్టుమంటిమి. ఆ యమ్మాయి ఆశ్చర్యపడి మా ముఖము వంక చూచెను.

ఒక లోపమును గూడ చెప్పవలెను. మాటలు కొన్ని చోట్ల పొగమంచులో నడచు మనుష్యుల వలె సగము కనబడి సగము మాయమైనవి. ఆంగ్లపు పాటలో అది యొక సొగసు కావచ్చును. తెలుగు పాటకు మాత్రము అది చెల్లదని మా అభిప్రాయము. మన మాట అచ్చుతో ముగియును. ఆ తుది యచ్చును మ్రింగివేసినచో మాట ప్రాణమే పోవును.

తరువాత ఆమె చండీగఢ్‌నందలి హరి, సుఖ్‌మణి అను మరియొక జంట పాటలను వినిపించెను. వీరు పంజాబు జానపదగీతములను తీసికొని ఎలక్ట్రానిక్ వాద్యములతో జతపరచుదురు. పాట ముసలివారిది, పల్లెది. చుట్టునున్న ధ్వని నేటిది. ఆ పాట వినుచుండగా మాకు వాకిలి యొద్ద వెనుదిరిగిన తొమ్మిదవ తరగతి బాలిక జ్ఞప్తికి వచ్చెను. పంజాబు జేజి పాటకు తగిన మర్యాద పులివెందుల జేజి పాటకు తగదని మేము ఏ శాస్త్రమును బట్టి నిర్ణయించితిమి? "తెలుగులో ఇట్టివారు ఎవరమ్మా" అని అడుగగా ఆమె కొంతసేపు ఆలోచించి, సినిమాలు తప్ప తనకు తెలియదనెను.

ఇంటికి వచ్చిన పిమ్మట ఈ విషయమును గూర్చి చదువ మొదలుపెట్టితిమి. తెలుగులో అట్టి జంట యుండెను. అదియు ఎనుబదియేండ్లకు పూర్వమే యుండెను. వారు సాలూరి రాజేశ్వరరావు గారును, రావు బాలసరస్వతీదేవి గారును. ఇదేమి పోలిక యని చదువరులు నవ్వవచ్చును. వారి చేత కంప్యూటరు లేదు, నిజమే. వారి చేత నున్నది మైక్రోఫోను. ఆనాటికి అదియే క్రొత్త యంత్రము.

గ్రామఫోను మన దేశమున మొదట పాటలను పట్టినది 1902లో, కలకత్తాలో. గోహర్ జాన్ అను గాయని ఒక పెద్ద బాకా వంటి గొట్టములోనికి ముఖముంచి పాడెను. విద్యుత్తు లేదు. కంఠపు బలమే మైనముమీద గీత గీయవలెను. కావున గట్టిగా, దాదాపు కేకగా పాడవలసి వచ్చెను. అదియు మూడు నిమిషములలో ముగింపవలెను. రికార్డులు జర్మనీలో తయారగుచుండుటచే, అక్కడివారు గుర్తించుటకై పాట చివర ఆమె తన పేరును ఆంగ్లమున తానే చెప్పెడిది. 1925 మొదలు ఈ గొట్టపు స్థానమున మైక్రోఫోను వచ్చినది. శ్వాసకు కదలు పలుచని రేకు, ఆ కదలికను విద్యుత్ప్రవాహముగా మార్చు సాధనము, ఆ ప్రవాహమును పెద్దది చేయు వాల్వులు, ఇంతే దానిలోని పని. కాని దాని ఫలము గొప్పది. చెవిలో చెప్పినంత మెల్లగా పాడినను ఊరంతయు వినగలిగెను. ఉయ్యాలపాట పాడు తల్లి కంఠము కేక వేయకయే రికార్డులోనికి రాగలిగినది అప్పటినుండియే.

మన లలితసంగీతము పుట్టినది ఈ పలుచని రేకుమీదనే యనిన అతిశయోక్తి కాదు. చెన్నపట్టణమున ఆకాశవాణి 1938 జూన్ 16న ఆరంభమైనది. బాలసరస్వతీదేవి ఆనాటికి పదేండ్ల పిల్ల. అప్పటికే గ్రామఫోనుకు పాడియుండెను. రేడియోలో తెలుగు లలితగీతములకు ఆమెయే మొదటి గాయనియని చెప్పుదురు. రాజేశ్వరరావు గారు బాల్యముననే శ్రీకృష్ణలీలలు చిత్రమున నటించి, కలకత్తా పోయి, న్యూ థియేటర్సు వారి సంగీతమును దగ్గరనుండి చూచి వచ్చినవారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మము గారి ఇల్లాలు చిత్రమున వీరిద్దరును నటించిరి, పాడిరి. సినిమాలతో సంబంధము లేని యుగళగీతములను వీరు రికార్డులకు పాడగా తెలుగుదేశమంతటను ఇండ్లలో అవి మ్రోగినవి. 1943 నాటి భాగ్యలక్ష్మి చిత్రమున కమలా కోట్నీసు పాత్రకు బాలసరస్వతీదేవి పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగానముగా పలువురు పేర్కొందురు. స్వరకర్తయు గాయకుడునైన యువకుడొకడు, మృదుకంఠము గల బాలిక యొకతె, వారి నడుమ నొక విద్యుద్యంత్రము. మాయొద్దకు వచ్చిన పిల్లలకును వారికిని సామర్థ్యమున పోలిక లేదు గాక; అమరిక మాత్రము వేరు కాదు.

ఆ పాత రికార్డుల నిప్పుడు ఫోనులో వినవచ్చును. వినుడు. చిటపట ధ్వని క్రింద ఆ కంఠము ఎంత చనువుగా పలుకునో! సభలో వెనుక వరుసవరకు వినబడవలె నను ఆరాటము అందులో లేదు. యంత్రము కంఠమును పాడుచేయు ననువారు మొదట దీనికి సమాధానము చెప్పవలెను.

ఇక హార్మోనియము సంగతి. మన ప్రార్థనాగీతములు సాగునది దానిమీదనే. పాతతరము అయ్యవార్లకు అది సంగీతమునకే మారుపేరు. కాని అదియు ఐరోపానుండి వచ్చిన యంత్రమే. కాళ్లతో త్రొక్కు దానిని నేలమీద కూర్చుండి చేతితో తిత్తి నాడించునట్లు మార్చినవాడు కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్ అని చెప్పుదురు. అది 19వ శతాబ్దపు తుదిపాదపు మాట. భజనమందిరము, పద్యనాటకము, దేవాలయము, చర్చి అన్నింటను అది చొచ్చుకొనిపోయినది. ఇంతలో 1940 మార్చిలో ఆకాశవాణి దానిని బహిష్కరించినది! దాని మెట్లు కదలవనియు, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు గమకము దానికి చేతకాదనియు ఆక్షేపణ. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. ముప్పదియొక్క సంవత్సరములు రేడియోలో వెలి. ఊరూర మాత్రము అది మ్రోగుచునే యుండెను.

ఆక్షేపణలో సత్యము లేదని మేము చెప్పము. హార్మోనియము జారలేదు. కంప్యూటరు కీబోర్డు మెట్లును చాలవరకు అట్టివే. జారుటకు వేరే చక్రము త్రిప్పవలెను, అది త్రిప్పుటకు నేర్పు కావలెను. అయితే గమకము కంఠమునకు విడిచిపెట్టి, శ్రుతిని తాళమును యంత్రమునకు అప్పగించిన నష్టమేమి? నేడు కచేరీలలో పెక్కుమంది విద్వాంసుల ప్రక్కన శ్రుతి పలుకుచున్నది నాలుగు తీగెల తంబురా కాదు. బెంగుళూరులోని రాజ్‌నారాయణ్ గారి వంటివారు రూపొందించిన ఎలక్ట్రానిక్ పెట్టె. దానిని ఎవ్వరును డీజే అనుట లేదు.

మరి మాండొలిన్ శ్రీనివాస్? 1969లో పాలకొల్లున పుట్టిన ఆ బాలుడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరీ చేయునాటికి తొమ్మిదేండ్లవాడు. విదేశీవాద్యము, అందునను విద్యుత్తుతో పలుకునది. దానిపై కర్ణాటకసంగీతమా యని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ తీగెలమీద గమకములు పలికిన తరువాత వారు ఏమనగలరు? 1998లో పద్మశ్రీ వచ్చెను. 2014లో నలువదియైదేండ్లకే మరణించుట మన దురదృష్టము. విద్యుత్తు ఆయనకు అడ్డుపడలేదు సరిగదా, మాండొలిన్ స్వరము తీగె మీటిన వెంటనే చచ్చిపోవు లోపమును విద్యుత్తే తీర్చినది.

చదువరులలో తండ్రులున్నారు గనుక ఒక చిన్న ముచ్చట. మన పెండ్లిండ్లలో బ్యాండుమేళమువారు నాగస్వరపు వరుస అందుకొనగానే పెద్దమనుష్యులు సైతము చేతిరుమాలు నోటబట్టి పాములవలె ఆడుట మేము కన్నులార చూచితిమి. ఆ వరుస 1954 నాటి నాగిన్ అను హిందీ చిత్రములోనిది. అందు వినబడునది పాములవాని బూర కాదు. కల్యాణ్‌జీ అను నాయన క్లావియోలిన్ అను ఎలక్ట్రానిక్ వాద్యముపై వాయించిన ధ్వని అది. కావున, విద్యుత్సంగీతము మన యింటికి రాదగదనువారు దానికి డెబ్బదియేండ్లుగా నృత్యము చేయుచునే యున్నారు.

పై తరగతులవారి కొఱకు దీని పని తీరును రెండు మాటలలో చెప్పెదము. వీణలో తీగె కదలును, వేణువులో గాలి కదలును. ఎలక్ట్రానిక్ వాద్యములో మొదట కదలునది విద్యుత్తే. ఒక వలయములో ప్రవాహము సెకనుకు 440 మారులు ఇటునటు ఊగినచో, దానిని లౌడుస్పీకరు కాగితపు గిన్నె అనుకరించి గాలిని కదల్చును. మన చెవికి అది పాశ్చాత్యులు ఏ అని పిలుచు స్వరముగా వినబడును. ఊపు వేగము పెంచిన స్వరము హెచ్చును. ఊపు ఆకారము మార్చిన ధ్వని గుణము మారును. వేణువు వలె మృదువుగానో, సన్నాయి వలె ఘాటుగానో యుండును. ఇది భౌతికశాస్త్రమున మీరు చదువుకొను తరంగముల పాఠమే. ఆ పాఠము నల్లబల్లమీద చెప్పుటకు మాకు రెండు పీరియడ్లు పట్టును. మేము వెళ్లగొట్టిన బాలుడు దానిని తన కీబోర్డు మీటతో రెండు నిమిషములలో చూపగలిగియుండెడివాడు.

మన దేశమున ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థయందు 1969లో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతవేత్త సహాయమున ఎలక్ట్రానిక్ సంగీతశాల వెలసినది. మూగ్ సింథసైజరును తెచ్చిరి. గీతా సారాభాయ్, జిన్‌రాజ్ జోషిపురా, అతుల్ దేశాయి మొదలగువారు దానిమీద పనిచేసిరి. కొన్నేండ్లకు శాల మూతపడెను. ఆ టేపులు గ్రంథాలయపు బీరువాలో దాదాపు ఏబదియేండ్లకు చేరువగా పడియుండి, పాల్ పర్గస్ అను పరిశోధకుని కంటబడి, 2023లో గాని రికార్డుగా లోకమునకు వినబడలేదు. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను సినిమా వాద్యకారుడు 1982లో పది రాగములను సింథసైజరులపై వాయించి రికార్డు చేసెను, ఎవ్వరును కొనలేదు. ఇరువదియేండ్ల తరువాత డచ్చి దేశస్థుడొకడు ఆ రికార్డును చూచి, ఇంటికి గొనిపోయి, 2010లో మరల అచ్చువేయించగా పాశ్చాత్యదేశములవారు ముక్కున వ్రేలు వేసికొనిరి. ఆ సమయమున చరణ్‌జిత్ సింగ్ వృద్ధుడు. ఈ రెండు కథలను చదివిన రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. మేము వినుటకు నిరాకరించినది రెండు నిమిషములు. ఆ పని అందరును చేసినచో అది ఏండ్లకేండ్లగును.

మా తోటి తెలుగు పండితులతో ఈ ప్రసంగము చేయగా వారు అంగీకరింపలేదు. "పుట్టపర్తి నారాయణాచార్యుల వారు తిరిగిన నేల ఇది. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణములు చేయుచు శివతాండవము పలికినారు. అందులో లేని తాళము మీ యంత్రములో ఉన్నదా?" అనిరి. లేదు. ఆచార్యులవారి మాటలకు మృదంగమే అవసరము లేదు, ఇక యంత్రమెందులకు? కాని పండితులవారి వాదము మా వాదమునకే బలమిచ్చుచున్నదని వారు గమనింపలేదు. మాటలో తాళము ఇంతగా నున్న నేలయందు యంత్రపు తాళమునకు జడియుటెందుకు? మన పల్లెలలో చెక్కభజన చూడుడు. ఒకే దెబ్బ, ఒకే అడుగు, గుండ్రముగా తిరిగి తిరిగి, మెల్లమెల్లగా వేగము హెచ్చి, కడకు పదిమంది కాళ్లు ఒక్క కాలగును. పట్టణపు యువకులు తాము క్రొత్తగా కనుగొంటి మనుకొనుచున్న దాని సూత్రమంతయు అదియే. ఆ చెక్కలకు తరువాతి మెట్టును కంప్యూటరుతో వెదకు బాలుడు ఈ నేలను విడిచి పోయినవాడు కాడు.

అయినను బాలబాలికలకు గూడ ఒక మాట చెప్పవలసియున్నది. సిద్ధముగా దొరకు తాళపు ముక్కలను అతికించి, కంఠపు అపశ్రుతిని యంత్రముచే దిద్దించుకొని, నాలుగు గంటలలో పాట తయారుచేసితిమని చెప్పుట మేలు కాదు. అది సంగీతము కాదు, కుట్టుకూలియైన కాదు. అపశ్రుతిని చెవితో పట్టుకొనుట నేర్చిన పిదపనే యంత్రపు సాయము కోరవలెను. బాలసరస్వతీదేవి గారికి మైకు మెత్తదనము ఇచ్చినది, శ్రుతి ఇవ్వలేదు.

తలిదండ్రుల భయము వేరొకటి గలదు. దానిని మేము తేలికగా చూచుట లేదు. ఆడపిల్ల పదిమందిలో మైకు పట్టుట, ఎవరో ఫోనులో తీయుట, అది ఊరూర తిరుగుట, పెండ్లిసంబంధము వేళ ఎవరో ఏదో యనుట. ఇవి ఊహించిన భయములు కావు. కాని ఈ భయము యంత్రమును గూర్చినది కాదు. కీబోర్డును తీసివేసి హార్మోనియము పెట్టినను అది అట్లే యుండును. ఆ భయమును సంగీతవిమర్శయను ముసుగుతో కప్పకుడని మాత్రమే మా మనవి. ఫోనుల చిత్రణము కూడదని పాఠశాల కట్టడి చేయవచ్చును. పెట్టెల మోతకు హద్దు పెట్టవచ్చును. పిల్లను పాడవద్దనుట మాత్రము ఆ కట్టడులకంటె సులభమైన పని. అందుచేతనే మనము దానిని ముందుగా చేయుదుము. మేము చేసినది అదియే గదా.

జూన్‌లో బడి తెరచిన వారమే ఆ బాలికను పిలిచి, పాటను వినగోరితిమి. బాలుడు అప్పటికి పదవ తరగతి ముగించి, ప్రొద్దుటూరులో ఇంటరు చేరియుండెను. కబురు పంపగా శనివారము బస్సులో వచ్చెను. సైన్సు ప్రయోగశాలలో తలుపు వేసి కూర్చుంటిమి. ముందుగా వాడు రెండు ధ్వనులు వినిపించెను. ఒకటి చేటలో వేరుసెనగ పొట్టు కదలునట్టిది. ఆ పల్లెకు పోయి జేజి ప్రక్కన ఫోనుంచి పట్టితినని చెప్పెను. రెండవది సన్నని టక్కుటక్కు శబ్దము. అది తమ వీధిలోని కంసాలి సుత్తి యనెను. బంగారపు అంగళ్లకు పేరొందిన ఊరి పిల్లవానికి తాళముగా ఆ సుత్తియే తోచినందుకు మాకు లోలోపల సంతోషమైనది, గాని పైకి చెప్పలేదు.

పాట మొదలైనది. మొదటిసారి చెడినది. యంత్రము నిమిషమునకు తొంబది దెబ్బలు, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. జేజి పాటయో, చేయి అలసినచోట నిలుచును, కాయ గట్టిదైనచోట సాగును. బాలిక రెండవ చరణమునకే దెబ్బకు వెనుకబడి తడబడెను. "యంత్రము వెంట పరుగెత్తవద్దు" అని మేము అనబోవుచుండగా బాలుడే వాయించుట ఆపి, "నువ్వు పాడు, నేను నీ వెంట వస్తా" అనెను. తాళమును దానంతట అది నడువనీయక, సుత్తిధ్వనిని ఒక మీటలో నుంచి, ఆమె పెదవులను చూచుచు చేతితోనే కొట్టసాగెను. మంద్రముగా ఒక్క షడ్జము మాత్రము విడువక మ్రోగుచుండెను. ఆమె ఈమారు ఎచ్చటను తొందరపడలేదు. ఎండలో అరుగుమీద కూర్చున్న ముదుసలి అలసట ఆ పదునాలుగేండ్ల పిల్ల కంఠములోనికి ఎట్లు వచ్చినదో మాకు తెలియదు. మాటలన్నియు తుది యచ్చువరకు వినబడినవి.

అది రెండు నిమిషములు కాదు. నాలుగు నిమిషములకు పైగా పట్టెను. ఎవ్వరును గడియారము చూడలేదు.

ఈ సంవత్సరపు వార్షికోత్సవ కార్యక్రమపట్టికలో ప్రార్థనగీతమునకు పిదప ఐదవ అంశముగా వారి పాటను వ్రాసితిమి. బాలుడు పాతవిద్యార్థిగా పాల్గొనుటకు ప్రధానోపాధ్యాయులు అనుమతి యిచ్చిరి. వాని తండ్రి తన మైకుసెట్టును బాడుగ లేకుండ పంపెదననియు, పెద్ద పెట్టెలు రెంటిని ఇంటనే విడిచి వచ్చెదననియు మాట యిచ్చెను. పులివెందుల నుండి జేజిని పిలిపించుటకు బాలిక మేనమామ ఒప్పుకొనెను. బాలిక తండ్రికి మేము స్వయముగా ఉత్తరము వ్రాసితిమి. పోయిన యేడు వినకయే పంపివేసిన తప్పు మాదేయని అందులో ఒప్పుకొంటిమి. ఆయన నుండి ఇంకను జవాబు రాలేదు. ఈ సంచిక అచ్చునకు పోవునప్పటికి పట్టికలో ఐదవ అంశమునకు ఎదురుగా పెన్సిలుతో వ్రాసిన పేర్లే యున్నవి.